ఇంజన్ మారిన కారే అసలుదైతే ఎలా? పాత షెవర్లేల్లో గేర్‌బాక్స్ చెప్పే సాక్ష్యం

పాత అమెరికన్ కార్ల మార్కెట్లో ఎవర్ని కదిపినా ముందు వచ్చే మాట నంబర్స్ మ్యాచింగ్. అంటే ఫ్యాక్టరీలో ఎక్కించిన ఇంజన్, గేర్‌బాక్స్, వెనక యాక్సిల్ ఇప్పటికీ ఆ కారులోనే ఉండాలి, ఇంజన్, గేర్‌బాక్స్‌ల మీద పంచ్ కొట్టిన నంబర్లు ఛాసిస్ నంబర్‌తో కలవాలి. కలిస్తే రేటు ఎక్కడికో వెళ్ళిపోతుంది, కలవకపోతే దబ్బున పడిపోతుంది. కానీ 1967 నుంచి 1969 దాకా అమెరికాలో కొంతమంది షెవర్లే డీలర్లు ఇంజన్ మార్చి అమ్మిన కార్లకి మాత్రం ఈ లెక్క తలకిందులు. వాటిల్లో ఇంజన్ నంబర్ కలవకపోవటమే మామూలు, పొరపాటున కలిసిందంటే అప్పుడే అనుమానించాలి. మరి ఇంజన్ సాక్ష్యం చెప్పలేని కారుని అసలుదో నకిలీదో ఎలా తేల్చటం అంటే, చాలాసార్లు జవాబు కింద నూనె కారుతూ వేలాడే గేర్‌బాక్స్ దగ్గర దొరుకుతుంది. పాపం దాన్ని ఎవరూ పట్టించుకోరు, ఫొటోలు కూడా తియ్యరు.

ముందు అసలు ఇంజన్లు ఎందుకు మార్చారో చెప్పుకోవాలి. జనరల్ మోటార్స్ 1963లో రేసింగ్ నుంచి అధికారికంగా తప్పుకుంది. దానికి తోడు మిడ్‌సైజ్, అంతకంటే చిన్న కార్లలో 400 క్యూబిక్ అంగుళాలు దాటిన ఇంజన్ పెట్టకూడదని కంపెనీ లోపలే ఒక రూల్, 1970 మోడల్ వచ్చేదాకా అది ఎత్తలేదు. అందుకే కమారో అనే చిన్న స్పోర్టీ కారులో పెద్ద ఇంజన్ అంటే 396 క్యూబిక్ అంగుళాల వరకే. అదే షెవర్లే షోరూంలో పక్కనే నిలబడ్డ కార్వెట్‌లో, పెద్ద ఇంపాలాలో మాత్రం 427 దొరుకుతుంది. ఇక డీలర్లు ఊరుకుంటారా? పెన్సిల్వేనియాలో కానన్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్ళో డాన్ యెంకో, షికాగోలో నికీ షెవర్లే, కాలిఫోర్నియాలో డానా షెవర్లే, న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లో బాల్డ్‌విన్ షెవర్లేతో కలిసి జోయెల్ రోసెన్ నడిపిన మోషన్ పెర్ఫార్మెన్స్, కాన్సస్ సిటీలో రేసర్ డిక్ హారెల్, వీళ్ళంతా చేసింది ఒకటే పని. ఫ్యాక్టరీ ఇంజన్ ఉన్న కొత్త కారు తెప్పించటం, ఆ ఇంజన్ దింపేసి 427 ఎక్కించటం, కొత్త కారులాగే బిల్లు వేసి అమ్మటం. అంటే ఇది ఎవడో తర్వాత గ్యారేజీలో చేసుకున్న రిపేరు కాదు, కొత్తగా అమ్మేటప్పుడే ఇంజన్ మారిన కారు. అందుకే ఇవాళ దీనికి అంత విలువ, అందుకే అంత నకిలీ.

నకిలీ చెయ్యటం కూడా నల్లేరు మీద నడకే, ఎందుకంటే 396, 427 రెండూ ఒకే కుటుంబం. బయట నుంచి చూస్తే అవే కొలతలు, అవే మౌంటులు, అవే హెడ్ బోల్టులు. 375 హార్స్‌పవర్ ఎల్78 రకం 396కీ, 425 హార్స్‌పవర్ ఎల్72 రకం 427కీ పైనున్న సామాను కూడా చాలావరకు ఒకటే. తేడా అంతా లోపల బోర్ దగ్గర, అంటే సిలిండర్ వెడల్పులో, 396కి 4.094 అంగుళాలు, 427కి 4.251. స్ట్రోక్ రెండిటికీ 3.76 అంగుళాలే, కాబట్టి ప్లగ్ ఊడదీసి ఆ కన్నంలోంచి పుల్ల దింపి పిస్టన్ ఎంత కదులుతుందో కొలిచినా ఉపయోగం లేదు, రెండూ ఒకేలా వస్తాయి. కొంతమంది అమ్మేవాళ్ళు ఈ పుల్ల పరీక్ష చేసి చూపించి మరీ నమ్మిస్తారు, అది చూసి బోల్తా పడకూడదు. ఎయిర్ ఫిల్టర్ మూత మీద 427 అని స్టిక్కర్ ఉంటే అది స్టిక్కర్ అని మాత్రమే అర్థం.

మరి ఏది 427 అన్నది ఎలా తెలుస్తుందంటే, ఇంజన్ బ్లాక్ వెనక వైపు, గేర్‌బాక్స్ బిగించే అంచు మీద డ్రైవర్ వైపున, అంటే అమెరికా కార్లలో ఎడమ వైపున, పోత నంబర్ ఉంటుంది. 3904351 అయితే 1967 నాటి 427, ఇలా. ఇది పోతలోనే ఉబ్బెత్తుగా వచ్చే నంబర్, మార్చటం అంత తేలిక కాదు. అదే బ్లాక్ మీద స్టార్టర్ దగ్గర్లో పోత పోసిన తేదీ ఉంటుంది, నెలకి ఒక అక్షరం, తర్వాత రోజు, చివర సంవత్సరానికి ఒకే ఒక్క అంకె. చివర్లో 8 ఉంటే 1968 అవ్వచ్చు 1978 కూడా అవ్వచ్చు, పోత నంబర్‌తో కలిపి చదివితేనే తేలుతుంది. ఇక్కడ డీలర్ మార్చిన కార్లకి ఒక ముచ్చటైన లెక్క ఉంది. ఫ్యాక్టరీ ఇంజన్ అయితే పోత తేదీ ముందు, ఇంజన్ బిగించిన తేదీ తర్వాత, కారు తయారైన తేదీ ఆ తర్వాత, ఈ వరస తప్పటానికి వీల్లేదు. డీలర్ మార్చిన కారులో మాత్రం ఇంజన్ తేదీ కారు బాడీ తేదీ తర్వాత ఉన్నా తప్పేం లేదు, మార్చిలో తయారైన కారుకి ఏప్రిల్‌లో బిగించిన ఇంజన్ ఉండచ్చు. కానీ ఆ తేదీ కారు మొదటిసారి అమ్ముడైన తేదీ దాటకూడదు. జూన్‌లో బిల్లు అయిన కారులో ఆగస్టు ఇంజన్ ఉందంటే ఇక కథ ఆపెయ్యచ్చు.

అసలు గొడవంతా ఇంజన్ ముందు భాగంలో ప్యాసింజర్ వైపు హెడ్ కింద నుంచి కాస్త బయటికి వచ్చే చిన్న చదును పట్టీ దగ్గర. ఫ్యాక్టరీ ఇంజన్ అయితే దాని మీద ప్లాంటు అక్షరం, బిగించిన నెలా తేదీ, ఏ కారుకి ఏ గేర్‌బాక్స్‌కి ఉద్దేశించిందో చెప్పే కోడ్ అక్షరాలు ఉంటాయి. ఈ 396, 427 కుటుంబాన్ని బిగ్ బ్లాక్ అంటారు, అదంతా న్యూయార్క్ రాష్ట్రంలోని టోనావాండా ప్లాంటులో తయారైంది కాబట్టి మొదటి అక్షరం టి. 1968 మోడల్ నుంచి దీని పక్కన ఛాసిస్ నంబర్ ముక్క కూడా కొట్టారు, ఇంజన్ల దొంగతనం అరికట్టటానికి. ఇప్పుడు ఆలోచించండి, 1967లో కానీ 1968లో కానీ షెవర్లే ఫ్యాక్టరీ మామూలు ఆర్డర్ మీద కమారోలో 427 ఎక్కించలేదు. డీలర్ కౌంటర్ మీద కొన్న ఇంజన్‌కి ఏ కారు నంబరూ ఉండదు, షార్ట్ బ్లాక్, అంటే హెడ్‌లు లేని ఇంజన్ కింది భాగం కొంటే పట్టీ ఖాళీగానే ఉంటుంది. కాబట్టి ఆ కాలం నాటి డీలర్ కారు అని చెప్పి, 427 బ్లాక్ మీద ఆ కారు ఛాసిస్ నంబర్ ముక్క నీట్‌గా కొట్టి ఉందని గొప్పగా చూపిస్తున్నారంటే, ఎవరో కొత్తగా పంచ్ కొట్టారన్నమాట. అతి తెలివికి పోయి తనని తానే పట్టించుకున్న నకిలీ ఇది. సీఈ అక్షరాలతో మొదలయ్యే నంబర్ ఉంటే అది సాధారణంగా వారంటీలో ఇచ్చిన రీప్లేస్‌మెంట్ ఇంజన్, మోసం కాదు.

పంచ్ కొత్తదా పాతదా అని చూడాలంటే ఆ పట్టీని నూనె తుడిచి పక్క నుంచి టార్చి కొట్టాలి. ఫ్యాక్టరీలో బ్రోచ్ మెషీన్ తోసిన సన్నటి గీతలు ఇంజన్ పొడుగునా ఒకదాని పక్కన ఒకటి సమాంతరంగా వెళ్తాయి, గోరుతో అడ్డంగా గీస్తే లీలగా తగులుతాయి. తర్వాత ఎవరైనా మెషీన్ షాపులో పైభాగం చెక్కించి ఉంటే గీతలు గుండ్రంగా, వంపు తిరిగి ఉంటాయి, లేదా అద్దంలా నున్నగా ఉంటుంది. నున్నగా ఉన్న పట్టీ మీద లోతైన స్పష్టమైన అంకెలు ఉంటే నమ్మద్దు. అలాగని చెక్కించిన ప్రతివాడూ దొంగ కాదు, ఇంజన్ రీబిల్డ్ చేసేటప్పుడు నిజాయితీగా పైభాగం చదును చేయించినా ఆ నంబర్లు పోతాయి. మన దగ్గర ఆర్టీవో పనికి ఛాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది ప్రింట్ తీస్తారే, ఇక్కడ కూడా అదే బాగా పని చేస్తుంది, ఫొటోలో కనపడని గీతలు కాగితం మీద పడతాయి.

1969 కార్ల సంగతి వేరు, దాన్ని దీంతో కలిపేసి చాలామంది గందరగోళ పడతారు. ఆ ఏడాది యెంకో లాంటివాళ్ళు షాపులో ఇంజన్ మార్చే తిప్పలు మానేసి, టాక్సీలకీ పోలీసు బండ్లకీ వాడే కోపో అనే ప్రత్యేక ఆర్డర్ దారిలో ఫ్యాక్టరీలోనే 427 పెట్టించేశారు. కోపో 9561 అంటే ఎల్72 ఇనప ఇంజన్, కోపో 9560 అంటే మొత్తం అల్యూమినియంతో చేసిన జెడ్ఎల్1, అలాంటి కమారోలు చేసింది మొత్తం 69 మాత్రమే. వీటికి ఇంజన్ నంబర్ కలవాలి, ఖచ్చితంగా కలవాలి. 9561 కారులో ఇంజన్ కోడ్ ఎమ్ఎన్ అయితే మాన్యువల్ గేర్లు, ఎమ్ఓ అయితే ఆటోమేటిక్. ఎమ్ఎన్ ఇంజన్ కింద ఆటోమేటిక్ కనపడితే రెండిట్లో ఒకటి తర్వాత వచ్చి చేరింది. ఒకే యెంకో పేరు, ఒకే 427, కానీ 1967 కారుకి ఒక పరీక్ష, 1969 కారుకి దానికి పూర్తి వ్యతిరేకమైన పరీక్ష. ఈ ఒక్క విషయం తెలీక మంచి కారుని వదిలేసి చెత్త కారుని కొన్నవాళ్ళు ఉంటారు.

ఇక గేర్‌బాక్స్‌కి వద్దాం. డీలర్ షాపులో ఇంజన్ దింపారు, కొత్తది ఎక్కించారు, కానీ గేర్‌బాక్స్ మంచిదే ఉంటే దాన్నెందుకు మారుస్తారు? 396తో వచ్చిన టర్బో హైడ్రామాటిక్ 400 అనే ఆటోమేటిక్ 427ని కూడా హాయిగా మోస్తుంది. కాబట్టి ఇంజన్ పోయినా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన గేర్‌బాక్స్ ఆ కారులో ఉండిపోయింది, దాని కేస్ మీద 1968 నుంచి అదే కారు ఛాసిస్ నంబర్ ముక్క ఉంటుంది. అంటే అసలు ఇంజన్ లేని కారులో అసలు గుర్తింపు కాగితం గేర్‌బాక్సే.

దీనికి చక్కటి ఉదాహరణ ఫ్రెడ్ గిబ్ నోవాలు, నోవా అంటే షెవర్లే చిన్న కారు. ఇలినాయ్‌లో లా హార్ప్ అనే పల్లెటూరు లాంటి ఊళ్ళో ఫ్రెడ్ గిబ్‌కి షెవర్లే డీలర్‌షిప్ ఉండేది. డ్రాగ్ రేసుల్లో ఆటోమేటిక్ కార్లకి విడిగా క్లాసులు ఉండేవి, వాటిల్లో దించాలంటే కంపెనీ కనీసం 50 కార్లు తయారు చేసి ఉండాలి. 1968లో ఎల్78 ఇంజన్‌కి ఆటోమేటిక్ మామూలు ఆర్డర్ లిస్టులో లేదు, అందుకని గిబ్ కోపో 9738 కింద ఏకంగా 50 నోవాలు ఆర్డర్ చేశాడు, ప్రతిదానిలో 375 హార్స్‌పవర్ 396, వెనక టర్బో 400. పల్లెటూళ్ళో అన్ని రేసు కార్లు అమ్ముడవటం కష్టమే, వాటిల్లో కొన్ని కాన్సస్ సిటీలో డిక్ హారెల్ దగ్గరికి వెళ్ళి 427 ఎక్కించుకున్నాయి. ఇప్పుడు అలాంటి నోవా ఒకటి అమ్మకానికి వచ్చిందనుకోండి. ఇంజన్ 427, నంబర్ కలవదు, కలవక్కర్లేదు. కానీ గేర్‌బాక్స్ కేస్ మీద 1 అంటే షెవర్లే, 8 అంటే 1968, తర్వాత డబ్ల్యూ అంటే మిషిగన్‌లోని విల్లో రన్ ప్లాంటు, ఆ వెనక ఆరంకెలు కారు వరస నంబర్, ఇవి డాష్‌బోర్డ్ దగ్గరున్న ప్లేటుతో కలిశాయంటే ఇక మిగతా వాదనలన్నీ తేలికైపోతాయి. ఛాసిస్ నంబర్ మాత్రం ఇంజన్ సైజు చెప్పదని గుర్తుంచుకోవాలి, వి8 కారా సిక్స్ సిలిండర్ కారా అన్నంత వరకే చెప్తుంది. అందుకే ఒక మామూలు వి8 నోవాని ఎత్తుకొచ్చి గిబ్ కారు అనెయ్యటం నకిలీ చేసేవాళ్ళకి ఇష్టమైన పని.

కింద పడుకుని చూసినప్పుడు ఏది ఏ గేర్‌బాక్సో మొదటి చూపులోనే తెలియాలి, దానికి ఆయిల్ పాన్ చాలు. పవర్‌గ్లైడ్ అయితే పాన్ దాదాపు దీర్ఘచతురస్రం, 14 బోల్టులు, అది 1950లో వచ్చిన రెండు గేర్ల ఆటోమేటిక్, 1960ల్లో దాని కేస్ అల్యూమినియంకి మారింది. టర్బో 350 అయితే చదరపు పాన్, ఒక మూల కోసేసినట్టు ఉంటుంది, 13 బోల్టులు. ఇది 1969 మోడల్‌తోనే వచ్చింది, కాబట్టి 1967, 68 కారు కింద కనపడిందంటే తర్వాత పెట్టిందే, ఇంక మాట్లాడేదేం లేదు. టర్బో 400కి కూడా 13 బోల్టులే కానీ పాన్ ఆకారం వంకరటింకర, ఒక వైపు పొడుచుకొచ్చి ఉంటుంది, అందుకే బోల్టులు మాత్రమే లెక్కపెట్టి 350నీ 400నీ కలిపేస్తే పప్పులో కాలేసినట్టే. 

పవర్‌గ్లైడ్ కారులో తర్వాత టర్బో 400 పెట్టారా అన్నది తెలుసుకోవటమే ఇక్కడ అసలు పని, ఎందుకంటే నకిలీలు చాలావరకు చిన్న ఇంజన్, పవర్‌గ్లైడ్ ఉన్న చవక కారు నుంచి పుడతాయి. టర్బో 400 పొడుగైన గేర్‌బాక్స్, దాని వెనక మౌంట్ పవర్‌గ్లైడ్ మౌంట్ కంటే ఇంచుమించు ఆరంగుళాలు వెనక్కి ఉంటుంది, కాబట్టి క్రాస్ మెంబర్, అంటే గేర్‌బాక్స్‌ని మోసే అడ్డ దూలం, వేరేది కావాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్ ముందు యోక్ కూడా మారాలి, టర్బో 400 అవుట్‌పుట్ షాఫ్ట్‌కి 32 పళ్ళు, మిగతా రెండిటికీ 27. వెల్డింగ్ చేసిన బ్రాకెట్, కొత్తగా వేసిన కన్నాలు, సాగదీసి వంచిన క్రాస్ మెంబర్ కనపడితే గుట్టు బయటపడ్డట్టే. ఇంకో మంచి ఆనవాలు కిక్‌డౌన్. యాక్సిలరేటర్ ఒక్కసారిగా నొక్కితే కింది గేరుకి దూకాలి కదా, పవర్‌గ్లైడ్‌లో ఆ పని కార్బురేటర్ దగ్గర్నుంచి వచ్చే కడ్డీ చేస్తుంది, టర్బో 400లో కరెంటు స్విచ్ చేస్తుంది. గేర్‌బాక్స్ ఎడమ పక్కన ప్లగ్‌లోకి వెళ్ళే ఆ వైరు ఫ్యాక్టరీ వైరింగ్‌తో కలిసి, పాత గుడ్డ టేపు చుట్టలో బయటికి రావాలి. హార్డ్‌వేర్ షాపు ఎర్ర వైరు, నీలం క్లిప్పుతో ఫ్యూజ్ బాక్స్‌కి తగిలించి ఉంటే ఆ కారుకి పుట్టుకతో టర్బో 400 లేదు. లోపల గేర్ లీవర్ దగ్గర గుర్తుల ప్లేట్ కూడా చూడాలి, రెండు గేర్ల కారుకి ఎన్ తర్వాత రెండే స్థానాలు, మూడు గేర్ల కారుకి మూడు. చాలామంది కింద అంతా మార్చి పైన ఈ ప్లాస్టిక్ ముక్క మార్చటం మర్చిపోతారు.

సరే, టర్బో 400 ఉంది, అది అసలుదేనా? ఈ గేర్‌బాక్స్‌కి గట్టితనం ఎక్కువ, 1964లో కాడిలాక్, బ్యూక్‌లతో మొదలై తర్వాత రోల్స్ రాయిస్‌లోకి, జాగ్వార్‌లోకి, చివరికి ఫెరారీ 400లోకి కూడా వెళ్ళింది. అంటే కేసులు కుప్పలు తెప్పలు. బ్యూక్, ఓల్డ్స్‌మొబైల్, పాంటియాక్‌లకి వాడిన కేస్‌కి ఇంజన్ వైపు బోల్టు కన్నాల వరస షెవర్లేది కాదు కాబట్టి అది అడాప్టర్ లేకుండా కూర్చోదు, అడాప్టర్ ప్లేట్ కనపడితే చాలు ఇది అసలు గేర్‌బాక్స్ కాదని చెప్పెయ్యచ్చు. షెవర్లే కేసే అయితే ప్యాసింజర్ వైపు రివెట్ కొట్టిన చిన్న రేకు ప్లేటు ఉంటుంది, సంవత్సరం, మోడల్ కోడ్, వరస నంబర్ దాని మీద ఉంటాయి. కానీ రేకు ప్లేటు రివెట్‌తో ఉన్నది, డ్రిల్లుతో ఊడదీసి ఇంకో కేస్‌కి కొట్టటం పది నిమిషాల పని. ఛాసిస్ నంబర్ ముక్క అలా కాదు, అది డ్రైవర్ వైపు కేస్ అల్యూమినియంలోనే ఉంటుంది. అల్యూమినియం మెత్తటి లోహం, పాత నంబర్ గ్రైండ్ చేసి కొత్తది కొడితే అక్కడ వేలితో తడిమితే తెలిసేంత గుంట పడుతుంది, చుట్టుపక్కల పోత గరుకు ఉంటుంది, అక్కడ మాత్రం నున్నగా ఉంటుంది. ప్లేటునీ పంచింగ్‌నీ రెండిటినీ కలిపి చూడాలి, ప్లేటు ఒక్కటే చూసి సంబరపడకూడదు.

ఇలా చెప్తే గేర్‌బాక్స్ కలవని ప్రతి కారూ నకిలీ అనిపించచ్చు, అది కూడా తప్పే. అమెరికాలో ట్రాన్స్‌మిషన్ షాపులు పాత గేర్‌బాక్స్ తీసుకుని రీబిల్డ్ చేసి పెట్టిన ఇంకోటి బిగించి పంపేవి, మన అసలు కేస్ ఎవరి కారులోకి వెళ్ళిందో ఆ షాపువాడికే తెలీదు. రేసుల్లో తిరిగిన కార్లయితే మరీ ఘోరం, టర్బో 400 తిప్పటానికే ఇంజన్ బలం ఎక్కువ పోతుందని తర్వాతి రోజుల్లో డ్రాగ్ రేసర్లు దాన్ని పీకేసి తేలికైన పవర్‌గ్లైడ్ పెట్టుకునేవాళ్ళు. అంటే రేసు కోసం పుట్టిన అసలు గిబ్ నోవా కింద పవర్‌గ్లైడ్ ఉండటం కూడా సాధ్యమే! అలాంటి కారుకి బాడీలో దాచి కొట్టిన ఛాసిస్ నంబర్లు, మొదటి బిల్లు ఇవే దిక్కు. కమారోలో అయితే హీటర్ పెట్టె కింద ఒకటి, ముందు అద్దం కింద కౌల్ రేకు లోపల ఇంకోటి దాచి ఉంటాయి, బాడీ మార్చేసి పాత ప్లేటు అంటించిన కార్లు అక్కడే దొరికిపోతాయి.

కాగితాల్లో కూడా డీలర్ మార్చిన కారుకి పనికొచ్చేవి వేరు. పెట్రోల్ ట్యాంకు పైన ఇరుక్కుని దొరికే బిల్డ్ షీటు, వారంటీ పుస్తకంలో పెట్టిచ్చే ప్రొటెక్ట్ ఓ ప్లేట్ అనే చిన్న లోహపు ప్లేటు, ఇవి రెండూ ఫ్యాక్టరీ గేటు దాటేటప్పటి సంగతే చెప్తాయి, కాబట్టి వాటిల్లో 427 అని ఉండదు, ఫ్యాక్టరీలో పెట్టిన ఇంజనే ఉండాలి. ఏ రకం గేర్‌బాక్స్‌తో బయటికొచ్చిందో కూడా వాటిల్లో పట్టుకోవచ్చు, కింద ఉన్నదానితో పోల్చుకోవటానికి అదే ఆధారం. 427 కనపడాల్సింది డీలర్ బిల్లులో, కస్టమర్ సంతకం పెట్టిన కాగితంలో. యెంకో మార్చిన కార్లలో డోర్ దగ్గర వైఎస్ అక్షరాలతో మొదలయ్యే చిన్న ప్లేటు గురించి గొప్పగా చెప్తారు కానీ అదీ రేకే, కొత్తది చేయించటం ఎంతసేపు.

ఇండియాలో ఉన్నవాళ్ళకి ఇదంతా తమాషాగా అనిపించచ్చు, ఎందుకంటే మన దగ్గర లెక్క ఇంకోలా ఉంది. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల రూల్స్ ప్రకారం 50 ఏళ్ళు దాటిన బండికి వీఏ సిరీస్ నంబర్ ఇస్తారు, కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది, కానీ బండి అసలు రూపంలో ఉండాలి, ఇంజన్‌లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. పెట్రోల్ ఖర్చు భరించలేక పాత అమెరికన్ కార్లకి డీజిల్ ఇంజన్లు ఎక్కించేసిన దేశం కాబట్టి ఆ నిబంధన ఎందుకు పెట్టారో అర్థమవుతుంది. కొత్తగా అమ్మేటప్పుడే డీలర్ ఇంజన్ మార్చిన కారు అనే రకానికి మాత్రం ఆ మాటల్లో చోటు కనపడదు, అక్కడ అది ఎంత అసలుదైనా సరే.

అమెరికాలో ఉండి ఇలాంటిది కొనాలనుకునేవాళ్ళు అమ్మేవాడిని ముందు అడగాల్సింది ఇంజన్ ఫొటో కాదు. కారు లిఫ్ట్ మీద పెట్టి గేర్‌బాక్స్ ఎడమ పక్క పంచింగ్, కుడి పక్క ప్లేటు, పాన్, క్రాస్ మెంబర్, కిక్‌డౌన్ వైరు, ఇవి శుభ్రంగా తుడిచి దగ్గర్నుంచి తీసి పంపమనాలి. లిఫ్ట్ లేదు, కుదరదు, ఇంజన్ చూస్తే చాలు కదా అని నసిగితే, అది 427 కారు రేటు పెట్టాల్సిన కారు కాదు, 427 పెట్టిన మామూలు కమారో రేటు ఎంతో అక్కడి నుంచి బేరం మొదలెట్టాలి.